పేరుకు ‘ఐ7’.. పనిలో ఐ3 కన్నా వెనుక! ఆటల కంప్యూటరు కొనేవారు గమనించవలసిన విషయాలు

మిర్యాలగూడ: వానాకాలం వరి కోతలు ముగిసి ధాన్యం డబ్బు చేతికి వచ్చే రోజులలో పల్లె ఇళ్లలో ఇప్పుడు ఒక కొత్త ఖర్చు ముందుకు వస్తున్నది. అది పిల్లవాడి కంప్యూటరు. సెల్‌ఫోనులో ఆటలాడి విసిగిన కుర్రవాళ్లు ‘గేమింగ్ పీసీ’ కావాలంటున్నారు. ఇంటర్ పూర్తి చేసి ఇంజనీరింగులోనో, డిగ్రీలోనో చేరే పిల్లవాడు అది చదువుకు కూడా పనికి వస్తుందని ఇంట్లో నచ్చచెబుతాడు. ఆ మాటలో అబద్ధం లేదు. “ఎంతయితదిరా?” అని తండ్రి అడిగితే యాభై వేలు, అరవై వేలు అని జవాబు వస్తుంది. చిన్న రైతు ఇంట్లో ఆ మొత్తం పెట్టుబడి పోను ఒక పంట మీద మిగిలే డబ్బుతో సమానం. కొందరు చిట్టీ పాడి తెస్తారు. ఇంకొందరు కంతుల మీద కొంటారు.

ఇటువంటి కొనుగోలు ఇంట్లో మళ్లీ మళ్లీ జరిగేది కాదు. ఒకసారి పొరపాటు పడితే అయిదారేళ్లు దానితోనే సర్దుకుపోవాలి. అయితే మొదటిసారి కంప్యూటరు కట్టించుకొనేవారిలో చాలామంది తప్పటడుగు వేసేది ప్రాసెసర్ దగ్గరే. ఏదైనా ఒక పెద్ద పేరు వినిపిస్తే చాలు, అందులో ఏముందో చూడకుండా డబ్బు కట్టేస్తున్నారు.

ప్రాసెసర్ పని ఏమిటి?

కంప్యూటరులో లెక్కలన్నీ చేసే చిప్పును ప్రాసెసర్ అంటారు. పొడవు, వెడల్పు సుమారు నాలుగేసి సెంటీమీటర్లు ఉండే చిన్న పలక అది. ఆటల కంప్యూటర్లు కట్టడానికి దుకాణాలలో దొరికే ప్రాసెసర్లు రెండు అమెరికా కంపెనీలవే. ఒకటి ఇంటెల్, రెండవది ఎ.ఎం.డి. ఇంటెల్ వారివి ఐ3, ఐ5, ఐ7, ఐ9 అనే పేర్లతోనూ, ఎ.ఎం.డి. వారివి రైజెన్ 3, 5, 7, 9 అనే పేర్లతోనూ వచ్చాయి.

ఆటలో మనిషి ఎటు కదిలాడు, తూటా ఎవరికి తగిలింది, ఎదురుగా వచ్చే కారు వేగం ఎంత అనే లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్క ప్రకారం బొమ్మ గీసి తెర మీదికి పంపేది గ్రాఫిక్స్ కార్డు. తెర మీద ఆట సాఫీగా కదలాలంటే సెకనుకు కనీసం 60 బొమ్మలు మారాలి. అంటే ఒక్కొక్క బొమ్మకు ఈ రెండింటికీ దొరికే వ్యవధి 16 మిల్లీ సెకన్ల పైచిలుకు మాత్రమే. సెకనుకు 144 బొమ్మలు చూపే తెర కొంటే ఆ వ్యవధి 7 మిల్లీ సెకన్లకు తగ్గిపోతుంది. ఇద్దరిలో ఎవరు వెనుకబడినా ఆట తడబడుతుంది.

బోరు ఉన్న రైతుకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. బోరులో రెండంగుళాల నీరే ఉంటే పది హార్స్‌పవర్ మోటారు దించినా పారేది రెండంగుళాలే. కథ ఉండి, కొండలు, నగరాలు, వానలు అన్నీ వివరంగా చూపే పెద్ద ఆటలలో గ్రాఫిక్స్ కార్డే బోరు. కార్డు చిన్నది పెట్టి ప్రాసెసర్ ఎంత పెద్దది కొన్నా ఫలితం ఉండదు. వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి కాల్పుల ఆటల సంగతి వేరు. వాటిలో బొమ్మ తేలిక. వేగం ముఖ్యం. అక్కడ ప్రాసెసర్ మీద భారం ఎక్కువ పడుతుంది. కాబట్టి పిల్లవాడు ఆడబోయేది ఏ ఆట అని ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది.

కొనే తెరను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 75 హెర్ట్జ్ తెర సెకనుకు 75 బొమ్మలకు మించి చూపలేదు. ఆ తెర పెట్టుకొని సెకనుకు 200 బొమ్మల లెక్క కట్టే ప్రాసెసర్ కొంటే పెట్టిన డబ్బుకు తగ్గ లాభం కంటికి కనిపించదు.

పాత సరుకు, కొత్త డబ్బా

నగరాలలోని పెద్ద కార్యాలయాలు వాడి తీసివేసిన కంప్యూటర్లు సెకండ్ హ్యాండు మార్కెట్టుకు వస్తాయి. వాటిలోని ప్రాసెసర్, బోర్డు ఊడదీసి, గాజు తలుపు, రంగురంగుల దీపాలు ఉన్న కొత్త డబ్బాలో బిగించి ‘ఐ7 గేమింగ్ పీసీ’ పేరుతో అమ్మడం కద్దు. తక్కువ ధరకే ఐ7 వస్తున్నదని కొనేవారు సంతోషిస్తారు. అది ఏ ఏడాది ఐ7 అని అడిగేవారు తక్కువ.

ఉదాహరణకు ఇంటెల్ ఐ7-2600ను తీసుకోవచ్చు. అది 2011 జనవరిలో వచ్చింది. ఆ రోజులలో మేలైన ప్రాసెసరే. 2022 జనవరిలో అదే కంపెనీ ఐ3-12100ఎఫ్ అనే చిప్పును విడుదల చేసింది. కాగితం మీద చూస్తే రెండూ అన్నదమ్ములవలె ఉంటాయి. రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. పాతదాని మూల వేగం 3.4 గిగాహెర్ట్జ్, కొత్తదానిది 3.3 గిగాహెర్ట్జ్. ఈ అంకెలు మాత్రమే చూసినవారు పాతదే ఒక మెట్టు పైన ఉన్నదనుకొంటారు. వాస్తవానికి ఒక్కొక్క కోరు చేసే పనిలో కొత్త ఐ3 పాత ఐ7 కన్నా దాదాపు రెట్టింపు వేగం కలది. పైగా తక్కువ కరెంటు వాడుతుంది.

దీనికి కారణం ఉన్నది. గిగాహెర్ట్జ్ అనేది చిప్పు సెకనుకు ఎన్ని అడుగులు వేస్తుందో చెప్పే అంకె. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల అడుగులు. ఒక్కొక్క అడుగులో ఎంత పని జరుగుతుందో ఆ అంక చెప్పదు. తరం మారిన కొద్దీ ఒక అడుగులో జరిగే పని పెరుగుతూ వచ్చింది. 2004లో వచ్చిన పెంటియం 4 చిప్పులలో ఒకటి 3.8 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. అంకె పెద్దదని నేడు దానిని ఎవరూ ఆటలకు కొనరు.

పాత ఐ7తో మరొక చిక్కు ఉన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. విండోస్ 11కు కంపెనీ ఆమోదించిన జాబితాలో ఇంటెల్ అయితే ఎనిమిదవ తరం నుంచి, ఎ.ఎం.డి. అయితే రైజెన్ 2000 వరుస నుంచి ఉన్నాయి. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. రెండు, మూడు తరాల ఐ7లకు అది లేదు. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవారు ఉన్నారు. అయితే విండోస్ 11 మీద వాలొరాంట్ ఆడాలంటే టి.పి.ఎం. 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండి తీరాలి. లేకపోతే ఆట తెరుచుకోదు. ఆ ఆట కోసమే కంప్యూటరు కొనిపించుకొన్న పిల్లవాడి పరిస్థితి ఊహించుకోవచ్చు.

టైపు పనికి, సినిమాలు చూడటానికి, పాఠాలు వినడానికి పాత యంత్రం పనికిరాదని కాదు. దాని ధర దానికి తగ్గట్టు ఉంటే తీసుకోవచ్చు. ఆటల యంత్రమని చెప్పి, ఆ ధర వసూలు చేసినప్పుడే నష్టం.

అంకె చదివే పద్ధతి

తరం ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. ఇంటెల్ ఐ వరుసలో గీత తరువాత ఉన్న అంకెను చూడాలి. నాలుగంకెలు ఉంటే మొదటి అంకె తరం. 2600 అంటే రెండవ తరం, 8400 అంటే ఎనిమిదవ తరం. అయిదంకెలు ఉంటే మొదటి రెండూ కలిపి తరం. 12400 అంటే పన్నెండవ తరం. ఐ7-870 వలె మూడంకెలే ఉంటే అది మొదటి తరం, దానికి దూరంగా ఉండాలి. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త డెస్క్‌టాప్ వరుసకు ఇంటెల్ పేరు మార్చి ‘కోర్ అల్ట్రా’ అని పెట్టింది.

ఎ.ఎం.డి.లో రైజెన్ 5 5600 అంటే 5000 వరుస, రైజెన్ 5 7600 అంటే 7000 వరుస. ముందున్న 5 అనేది స్థాయిని తెలుపుతుంది.

దుకాణంలో సిద్ధంగా ఉన్న యంత్రాన్ని చూపితే, దానిని ఆన్ చేయించి టాస్క్ మేనేజర్ తెరిపించి, పెర్ఫార్మెన్స్ అనే చోట సి.పి.యు. పేరు పూర్తిగా చదవాలి. డబ్బా మీద అంటించిన స్టిక్కరును నమ్మరాదు. ‘ఐ7’ అని మాత్రమే చెప్పి పక్క అంకె చెప్పని చోట బేరం ఆపివేయడం మేలు.

ఎన్ని కోర్లు కావాలి?

కోరు అంటే ప్రాసెసర్ లోపల పని చేసే ఒక మనిషి అనుకోవచ్చు. పది గుంటల మడిలో నాట్లు వేయడానికి ఆరుగురు చాలు. పదహారు మందిని దించితే ఒకరి కాలు ఒకరికి తగులుతుంది, కూలి దండుగ. ఆటలు కూడా అటువంటివే. పనిని పదహారు ముక్కలు చేసి పంచడానికి చాలా ఆటలలో వీలు ఉండదు. ఒక పని ముగిస్తే తప్ప రెండవది మొదలు కాని లెక్కలు వాటిలో ఎక్కువ. అందుకే మనుషుల సంఖ్య కన్నా ఒక్కొక్క మనిషి చేతివేగం ముఖ్యం.

మొదటి కంప్యూటరుకు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు గల కొత్త తరం ప్రాసెసర్ సరిపోతుంది. డబ్బు మరీ తక్కువ అయితే నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్‌తో కూడా మొదలుపెట్టవచ్చు. యూట్యూబు కోసం వీడియోలు కత్తిరించి అతికించే పని ఉన్నవారికి ఎనిమిది, అంతకు మించి కోర్లు ఉపయోగపడతాయి.

కాషె మెమరీ అనేది కూడా చూడదగినదే. నాట్లు వేసేవారి చేతికి అందేటట్లు మడిలో అక్కడక్కడ నారు కట్టలు విసిరి ఉంచుతారు. లేకపోతే ప్రతిసారీ నారుమడి దాకా నడవాలి. కాషె అంటే చేతి దగ్గర ఉంచిన ఆ నారు కట్టలే. అది ఎక్కువ ఉంటే ప్రాసెసర్ ర్యామ్ దాకా పోయే అవసరం తగ్గుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 5600కు ఎల్3 కాషె 32 ఎం.బి. ఉండగా, అదే నెలలో వచ్చిన రైజెన్ 5 5500కు 16 ఎం.బి. మాత్రమే ఉన్నది. కోర్లు రెండింటికీ ఆరే. అయినా ఆటలలో 5600 ముందుంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకటి అడిగితే మరొకటి కట్టబెట్టకుండా చూసుకోవాలి. పేరు చివర ‘ఎక్స్3డి’ అని ఉన్నవాటికి కాషె ఇంకా ఎక్కువ. ఆటలకు అవి మేలైనవే గాని, ధర కూడా ఎక్కువే. మొదటి యంత్రానికి అవి అవసరం లేదు.

చివరి అక్షరం తెచ్చే తంటా

అంకె తరువాత ఉన్న అక్షరం మరిచిపోయి కొన్నవారు ఇంటికి వచ్చాక కంగారు పడతారు. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో బొమ్మ చూపే భాగం ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితే తప్ప తెర మీద ఏమీ కనిపించదు. “ఈ పంటకు ప్రాసెసర్, వచ్చే పంటకు కార్డు” అనుకొని ఐ5-12400ఎఫ్ తెచ్చుకొన్న ఇంట్లో యంత్రం ఆన్ అవుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. అది చెడిపోయిందని దుకాణం చుట్టూ తిరగవలసి వస్తుంది. రైజెన్ 5 5500, 5600లకు పేరులో ఎఫ్ లేకపోయినా వాటికి కూడా ఆ భాగం లేదు.

కార్డు తరువాత కొనదలచినవారు చివర ‘జి’ ఉన్న రైజెన్ తీసుకోవాలి. 2021 ఆగస్టులో దుకాణాలకు వచ్చిన రైజెన్ 5 5600జి అటువంటిది. వాలొరాంట్, జి.టి.ఎ. 5 వంటి ఆటలు సెట్టింగులు తగ్గించుకొంటే దాని మీద కార్డు లేకుండానే ఆడుకోవచ్చు. అయితే ర్యామ్ ఒకే కర్రగా కాక రెండు కర్రలుగా పెట్టించాలి. బొమ్మ గీసే భాగం ఆ ర్యామ్‌నే వాడుకొంటుంది కాబట్టి ఒక కర్ర అయితే వేగం బాగా పడిపోతుంది. దీనిలో కాషె 16 ఎం.బి. మాత్రమే కనుక తరువాత పెద్ద కార్డు పెట్టినప్పుడు 5600 కన్నా కొంత వెనుకబడుతుంది. ఇది తెలిసి కొంటే చింత లేదు.

ఇంటెల్‌లో చివర ‘కె’ ఉన్నవాటి వేగం సొంతంగా పెంచుకోవచ్చు. కాని అందుకు ఖరీదైన బోర్డు కావాలి. వాటితో పాటు చల్లబరిచే ఫ్యాను కూడా రాదు, విడిగా కొనాలి. కొత్తవారికి దాని జోలి అనవసరం.

బోర్డు కూడా చూసుకోవాలి

ప్రాసెసర్ కొంటే దానికి తగిన మదర్‌బోర్డు కొనక తప్పదు. ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఒక సాకెట్‌కు చేసిన చిప్పు మరొకదానిలో కూర్చోదు. పాత ఐ7-2600 కూర్చునే 1155 సాకెట్‌లో మూడవ తరం దాటి ఏదీ పట్టదు. అంటే రేపు ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు, ర్యామ్ అన్నీ మార్చవలసిందే.

ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 సాకెట్‌లో రైజెన్ 1000 వరుస మొదలు 5000 వరుస దాకా వచ్చాయి. ఇది డి.డి.ఆర్.4 ర్యామ్ వాడుతుంది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఎ.ఎం.5 సాకెట్ డి.డి.ఆర్.5 మాత్రమే తీసుకొంటుంది. 2027, ఆ పైన కూడా ఈ సాకెట్‌కు కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఎ.ఎం.డి. ప్రకటించింది. ఇంటెల్ 1700 సాకెట్‌లో 12, 13, 14 తరాలు పడతాయి. వాటికి బోర్డును బట్టి డి.డి.ఆర్.4 గాని, డి.డి.ఆర్.5 గాని ఉంటుంది. కోర్ అల్ట్రా 200 వరుసకు 1851 అనే వేరే సాకెట్ వచ్చింది.

2025 చివరిలో ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కేంద్రాలు మెమరీ చిప్పులను పెద్ద ఎత్తున కొనడం ఇందుకు ముఖ్య కారణం. కాబట్టి ప్రాసెసర్ ధర ఒక్కటే పోల్చి చూస్తే సరిపోదు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడింటినీ కలిపి ధర అడిగి, ఆ మొత్తాలను పోల్చుకోవాలి. తెలిసినవారి దగ్గర మంచి డి.డి.ఆర్.4 ర్యామ్ ఉంటే అది పట్టే బోర్డు ఎంచుకోవడం వల్ల చాలా కలిసి వస్తుంది.

ఎవరికి ఏది?

డబ్బు పంపకానికి ఒక మోటు లెక్క ఉన్నది. తెర కాక యంత్రానికి పెట్టే మొత్తంలో ప్రాసెసర్‌కు ఆరవ వంతు నుంచి అయిదవ వంతు, గ్రాఫిక్స్ కార్డుకు మూడవ వంతు, వీలైతే అంతకు కొంచెం ఎక్కువ. 60 వేల యంత్రమైతే ప్రాసెసర్‌కు 10 నుంచి 12 వేలు, కార్డుకు 20 వేల పైన. ఐ7 కోసం పాతిక వేలు పెట్టి కార్డుకు అయిదు వేలు మిగిల్చుకొంటే ఆటలు నడవవు.

కార్డు కూడా ఇప్పుడే కొనేవారు, డబ్బు తక్కువగా ఉన్నవారు ఐ3-12100ఎఫ్, ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600లలో ఆ రోజు బోర్డుతో కలిపి ఏది చవకగా దొరికితే అది తీసుకోవచ్చు. చివరి రెండింటి మధ్య ఆటలో తేడా స్వల్పం. కంపెనీ పేరు మీద పంతం పట్టవలసిన పని లేదు.

ఇంకొంచెం డబ్బు ఉండి, నాలుగేళ్ల తరువాత ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలనుకొనేవారికి ఎ.ఎం.5 సాకెట్‌లోని రైజెన్ 5 7600 అనుకూలం. దీనిలో బొమ్మ చూపే చిన్న భాగం కూడా ఉన్నది. ఆటలకు అది చాలదు గాని, కార్డు మరమ్మతుకు పోయినప్పుడు చదువు ఆగదు.

కార్డు ఇప్పుడు కొనలేనివారికి 5600జి, అంతకు మించి పెట్టగలిగితే 2024 జనవరిలో ఎ.ఎం.5 సాకెట్‌కు వచ్చిన రైజెన్ 5 8600జి ఉన్నాయి.

సెకండ్ హ్యాండులో ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ తరాలలో ఎక్కువ కరెంటు వాడే చిప్పులు వోల్టేజి లోపం వల్ల కాలక్రమంలో దెబ్బతింటున్నట్లు 2024లో బయటపడింది. కంపెనీ ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలలలో దిద్దుబాటు విడుదల చేసి, అటువంటి చిప్పులకు వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. దిద్దుబాటు కొత్త బయాస్ ద్వారా బోర్డుకు ఎక్కించాలి. అప్పటికే దెబ్బతిన్న చిప్పును అది బాగు చేయదు. 12వ తరానికి ఈ చిక్కు లేదు.

కరెంటు, ఎండ, దుమ్ము

పల్లెలలో వోల్టేజి ఎక్కడం, దిగడం తెలిసిందే. పైన చెప్పిన 5600, 7600, 12400ఎఫ్ మూడూ 65 వాట్ల తరగతివి. ఆర్.టి.ఎక్స్. 4060 వంటి కార్డుకు 115 వాట్లు, ఆర్.ఎక్స్. 6600కు 132 వాట్లు కావాలి. తెర, మిగతా భాగాలు కలుపుకొంటే ఆట నడిచేటప్పుడు మొత్తం 300 వాట్ల చుట్టుపక్కలకు చేరుతుంది. మామూలు 600 వి.ఎ. యు.పి.ఎస్. సుమారు 360 వాట్ల దాకానే మోస్తుంది కనుక అంచున నడుస్తుంది. 1000 వి.ఎ. తీసుకోవడం క్షేమం. ఇంటి ఇన్వర్టరు మీద నడపదలిస్తే అది ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలి. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ముందు అది చేయించాలి.

నల్లగొండ జిల్లాలో ఎండలు 45 డిగ్రీలకు చేరిన రోజులు ఉన్నాయి. రేకుల ఇంట్లో మధ్యాహ్నం వేడి చెప్పనక్కరలేదు. ప్రాసెసర్ లోపలి వేడి 90 నుంచి 100 డిగ్రీల మధ్యకు వచ్చినప్పుడు అది కాలిపోకుండా తనంతట తాను వేగం తగ్గించుకొంటుంది. అప్పుడు ఆట మందగిస్తుంది. పెద్ద ఐ9లు ఎక్కువ వేడి పుట్టిస్తాయి కాబట్టి పల్లె ఇంటికి 65 వాట్ల రకమే అనువైనది. ముందు వైపు గాలి ఆడే జాలి ఉన్న డబ్బా కొని, రెండు మూడు నెలలకు ఒకసారి దుమ్ము దులపాలి. డబ్బాను బియ్యం బస్తాల పక్కన మూలకు నెట్టి ఉంచరాదు.

బిల్లు తప్పనిసరి

ఇక్కడివారికి రైలులో సికింద్రాబాదు చేరితే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉన్నది. కంప్యూటరు విడిభాగాల దుకాణాలకు అది పేరుపడింది. ఒక్క దుకాణంలోనే బేరం ముగించకుండా మూడు నాలుగు చోట్ల కాగితం మీద ధరలు రాయించుకోవాలి. ప్రాసెసర్ మీద జి.ఎస్.టి. 18 శాతం. చెప్పిన ధరలో పన్ను కలిసి ఉన్నదా అని ముందే అడగాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఆశపడరాదు. బిల్లు లేనిది రేపు వారంటీ అడగడం కష్టం.

ప్రాసెసర్ కంపెనీ సీలు వేసిన పెట్టెలో వస్తే ఇంటెల్‌దైనా, ఎ.ఎం.డి.దైనా మూడేళ్ల వారంటీ ఉంటుంది. పెట్టె లేకుండా విడిగా అమ్మేదానిని ‘ట్రే’ అంటారు. అది కొంత చవక. దానికి సాధారణంగా అమ్మినవారి హామీయే ఆధారం. ఆ హామీ ఎన్నాళ్లో బిల్లు మీద రాయించుకోవాలి. ట్రేతో ఫ్యాను కూడా రాకపోవచ్చు. బిల్లు మీద ‘కంప్యూటరు ఒకటి’ అని కాక ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కార్డు, ఎస్.ఎం.పి.ఎస్. ఒక్కొక్కటి పూర్తి పేరు, సీరియల్ నంబరుతో ఉండాలి.

ఎ.ఎం.4 ప్రాసెసర్ అడుగున సన్నని కాళ్లు ఉంటాయి. ఒకటి వంగినా చిప్పు పని చేయకపోవచ్చు. ఇంటెల్, ఎ.ఎం.5 రకాలకు ఆ కాళ్లు బోర్డు సాకెట్‌లో ఉంటాయి. తెలియనివారు ఇంటి దగ్గర బిగించే ప్రయత్నం చేయక, దుకాణంలోనే తమ కళ్లెదుట బిగించి ఒక ఆట నడిపి చూపమనడం మంచిది.

ప్రతి తడబాటూ ప్రాసెసర్‌ది కాదు

ఆన్‌లైన్ ఆటలు ఆగి ఆగి రావడానికి ఇంటర్నెట్ కూడా కారణమే. బొమ్మ సాఫీగా కదులుతూ, ఎదుటి మనిషి మాత్రం ఉన్నట్టుండి మరొకచోట ప్రత్యక్షమవుతుంటే అది లైను జాప్యం. ఎంత పెద్ద ప్రాసెసర్ పెట్టినా అది పోదు. బొమ్మే ముక్కముక్కలుగా కదిలితే ప్రాసెసర్‌నో, కార్డునో, వేడినో అనుమానించాలి. సెల్‌ఫోను సిగ్నల్ మీదనే ఆధారపడే ఊళ్లలో ముందుగా కేబుల్ ఇంటర్నెట్ దొరుకుతుందా అని విచారించి ఆ తరువాత యంత్రం సంగతి చూడాలి. పెద్ద ఆటలు కొన్ని వంద జి.బి. దాటి ఉంటున్నాయి. వాటిని దించుకోవడానికి కూడా లైను అవసరమే.

కొనడానికి బయలుదేరేవారు అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసుకొని వెళితే చాలు. ప్రాసెసర్ పూర్తి అంకె ఏమిటి, ఏ ఏడాది వచ్చింది? గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర మీద బొమ్మ వస్తుందా? ఈ బోర్డులో ముందు ముందు ఇంకేవి పడతాయి? వారంటీ ఎన్నేళ్లు, ఇచ్చేది కంపెనీయా, దుకాణమా? ఆడబోయే ఆటను ఇక్కడే నడిపి చూపుతారా? వీటికి సూటిగా జవాబు చెప్పే చోటనే డబ్బు లెక్కపెట్టడం శ్రేయస్కరం.